బయటి దేశం వాడు మన ఈవీఎంని హ్యాక్ చేయగలడా? అపార్ట్‌మెంట్ గ్రూపులో తగువు తీర్చండి

కొరిటెపాడు కుర్రాడు | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మూడు రోజుల్నించీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇదే గోల. ఎవరో ఒక వీడియో పెట్టారు. ముసుగేసుకున్న మనిషి, వెనకాల పచ్చ అక్షరాలు జారుతుంటాయి, ఆంధ్రా ఓటింగ్ యంత్రాలన్నీ శాటిలైట్ నుంచి మేమే నడిపించాం అంటాడు. రెండో ఫ్లోరు అంకుల్ నమ్మేశాడు. నాలుగో ఫ్లోరు అంకుల్ "మీవాళ్ళు ఓడినప్పుడే మిషన్లు పాడవుతాయా" అని ఎత్తిపొడిచాడు. ఇప్పుడు ఒకాయన లిఫ్టులో ఉంటే రెండో ఆయన మెట్లెక్కి పోతున్నాడు.

నాకు ఏ పార్టీ గొడవా వద్దు. రష్యా, చైనా లాంటి దేశాల హ్యాకర్లు మన ఎన్నికల్ని నిజంగా ఏమన్నా చేయగలరా? చేస్తే ఎక్కడ చేస్తారు? తెలిసినవాళ్ళు చెప్పండి, గ్రూపులో పెడతాను.

బందరు రోడ్డు బాబాయ్ | రాత్రి 9:52

శాటిలైట్‌తో ఈవీఎం నడిపేవాడు ముందు మా ఇంటి సెట్‌టాప్ బాక్సు నడపమను. మబ్బు పడితే చాలు, ఆగిపోతుంది.

పటమట ప్యాకెట్ | రాత్రి 10:31

తమ్ముడూ, నెట్‌వర్క్ సెక్యూరిటీలో పన్నెండేళ్ళుగా ఉన్నా. నాకు తెలిసినంత చెప్తా, కాస్త పొడుగవుద్ది.

నీ వీడియో సంగతి మాటలో తేలిపోద్ది. మన యంత్రానికి మూడు ముక్కలు: మనం నొక్కే బ్యాలెట్ యూనిట్, స్లిప్పు చూపించే వీవీప్యాట్, పోలింగ్ అధికారి దగ్గరుండే కంట్రోల్ యూనిట్. మూడూ కేబుళ్ళతో ఒకదానికొకటి కలుస్తాయి. వైఫై లేదు, బ్లూటూత్ లేదు, సిమ్ లేదు. సిగ్నల్ అందుకునే భాగమే లోపల లేనప్పుడు శాటిలైట్ ఏం చేసుద్ది? తయారీ బెంగళూరు బెల్, హైదరాబాద్ ఈసీఐఎల్, రెండూ ప్రభుత్వ సంస్థలే. ఏ యంత్రం ఏ బూత్‌కి పోవాలో రెండు విడతలుగా కలగాపులగం చేసి తేలుస్తారు. బ్యాలెట్ యూనిట్ మీద అభ్యర్థుల వరస నామినేషన్లు ముగిశాకే తెలుస్తది. అంటే మాస్కోలో కూర్చున్నవాడికి మన సింగ్‌నగర్‌లో ఫలానా బూత్‌లో 3వ నంబరు బటన్ ఎవరిదో ముందుగా తెలిసే దారి లేదు.

అట్టాగని హాయిగా నిద్రపోమనట్లా. ఎన్నిక అంటే యంత్రం ఒక్కటే కాదు గదా. దాని చుట్టూ ఉన్నదంతా నెట్‌లోనే ఉంది. ఓటర్ల జాబితా సర్వర్లు, ఓటు చేర్చమనే ఫారం-6, తీసేయమనే ఫారం-7 తీసుకునే పోర్టల్, ఏ యంత్రం ఎక్కడుందో లెక్కరాసే సాఫ్ట్‌వేర్, ఫలితాలు చూపే వెబ్‌సైటు, కలెక్టరేట్ మెయిళ్ళు, సిబ్బంది ఫోన్లు. సైన్యంలో ఉన్నవాళ్ళకి ఖాళీ బ్యాలెట్ వెళ్ళేది కూడా కంప్యూటర్ మీదే. నింపింది మాత్రం పోస్టులో కవరుగా తిరిగొస్తది. నేనే బయటి దేశం హ్యాకర్నయితే ఈవీఎం జోలికి పోను. ఈ చుట్టుపక్కల తలుపులే తడతా.

నమ్మని నరసయ్య | రాత్రి 11:15

ప్యాకెట్ గారూ, నెట్ లేదు కాబట్టి భయం లేదు అనేది సగం మాట. 2010లో మన హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్ వేమూరు, మిషిగన్ యూనివర్సిటీ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ గోంగ్రిప్ కలిసి అసలు ఈవీఎం మీదే చేసి చూపించారు. డిస్‌ప్లే బోర్డు మార్చేసి, ఫోన్ నుంచి బ్లూటూత్ ద్వారా అంకెలు తారుమారు చేశారు. దానికి బహుమతి ఏమిచ్చారు? అదే ఏడాది ఆగస్టులో హరిప్రసాద్‌ని అరెస్టు చేశారు.

ఇంకోటి. వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల పేర్లు, గుర్తులు ఎట్టా ఎక్కిస్తారు? పోలింగ్‌కి కొద్ది రోజుల ముందు ల్యాప్‌టాప్ తెచ్చి, సింబల్ లోడింగ్ యూనిట్‌తో ఎక్కిస్తారు. మరి బయటి పరికరం తగిలినట్టు కాదా? చిప్పు బయటి దేశం నుంచి దిగుమతి, దాంట్లో ప్రోగ్రాము మనకెవరికీ చూపించరు. చూపించనిదాన్ని నమ్మమంటే నేను నమ్మను. నా పేరే అది.

పటమట ప్యాకెట్ | రాత్రి 11:40

నరసయ్య గారూ, రెండూ సరైన ప్రశ్నలే. 2010 ప్రయోగం నిజం, అరెస్టు తప్పు అని నేనూ అంటా. తాళం లోపం చూపించినవాణ్ణి పట్టుకుంటే తాళం బాగుపడదు. కానీ ఆ పని చేయాలంటే యంత్రం చేతిలోకి రావాలి, విప్పాలి, భాగం మార్చాలి. ఒకదానికి కాదు, వేలకి. అది ఇంట్లోవాడి దొంగతనం, సముద్రం అవతలి హ్యాకర్ పని కాదు. ఇప్పుడున్న ఎం3 రకం అయితే విప్పితే పనిచేయడం మానేస్తది.

సింబల్ లోడింగ్ సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2024 ఏప్రిల్ 26 తీర్పులో జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కించాలన్న వాదన ఒప్పుకోలేదు గానీ, ఆ లోడింగ్ యూనిట్లు సీలు చేసి ఫలితాల తర్వాత 45 రోజులు దాచాలన్నారు. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళు 7 రోజుల్లోపు అడిగితే 5 శాతం యంత్రాల చిప్పులు పరిశీలించాలనీ అన్నారు. ఊరికే కాదు, 2024లో ఒక్కో సెట్‌కి 40,000 రూపాయలు, పైన జీఎస్టీ.

బ్రాడీపేట మాష్టారు | శనివారం ఉదయం 6:20

నాయనలారా, ఇరవై రెండేళ్ళు ఎన్నికల డ్యూటీ చేసి రిటైరయినవాణ్ణి. కంప్యూటర్లు నాకు తెలీవు. బూత్ లోపల జరిగేది తెలుసు.

తెల్లారి ఐదున్నరకి, అభ్యర్థుల ఏజెంట్లు నిద్రమొహాలతో వచ్చి బెంచీ మీద కూలబడతారు. పోలింగ్ 7 గంటలకి. ఈలోపు మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగ్ చేయాలి, కనీసం 50 ఓట్లు, ప్రతి గుర్తుకీ పడాలి. ఏజెంట్లే నొక్కుతారు, వాళ్ళే కాగితం మీద గీతలు గీసుకుంటారు. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్. మేం సీఆర్‌సీ అంటాం. ట్రైనింగులో చెవులు చిల్లులు పడేట్టు చెప్పేది ఈ మూడక్షరాలే. యంత్రంలో సున్నా చూపించాలి, వీవీప్యాట్ డబ్బాలో పడ్డ మాక్ స్లిప్పులన్నీ తీసి, వెనక ముద్ర కొట్టి, నల్ల కవర్లో పెట్టి సీలెయ్యాలి. అప్పుడు అసలు పోలింగ్.

ఆ సీఆర్‌సీ ఒక్కటి మర్చిపోతే ఏమవుద్దో మన రాష్ట్రమే చూపించింది. 2019లో కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గం 63వ పోలింగ్ కేంద్రంలో వీవీప్యాట్ స్లిప్పులకీ యంత్రం లెక్కకీ తేడా వచ్చింది. ఆరా తీస్తే పీవో, అంటే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారి, మాక్ పోల్ ఓట్లు చెరపలేదని తేలింది. సుప్రీంకోర్టు తీర్పులో కూడా మన మైదుకూరు పేరు ఎక్కింది. దేశమంతా చూస్తే ఆ ఎన్నికలో తేడా అని తీర్పులో రాసింది అదొక్కటేనట. రష్యా వాడు కాదయ్యా, నిద్రచాలని పీవో.

రాత్రికి క్లోజ్ నొక్కి, ఫారం 17సీలో మొత్తం ఓట్లు రాసి, ప్రతి ఏజెంటుకీ సంతకంతో కాపీ ఇస్తాం. నా అనుభవంలో సగంమంది ఏజెంట్లు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, భోజనం పార్సెల్ కోసం పరిగెత్తేవాళ్ళు. లెక్కింపు రోజున టేబుల్ మీద కంట్రోల్ యూనిట్ చూపే అంకె, నీ దగ్గరున్న 17సీ అంకె ఒకటైతే, మధ్యలో స్ట్రాంగ్ రూములో ఎవరూ ఏమీ కలపలేదని. ఆ కాగితం విలువ ఎంతమందికి తెలుసు?

బందరు రోడ్డు బాబాయ్ | ఉదయం 7:02

మాష్టారూ, 2024లో నేను ఏజెంటుగా కూర్చున్నా. మే 13 రాత్రి పదిన్నర దాటినా క్యూ అయిపోలా. నా 17సీ మీద చట్నీ మరక ఉంది, ఇప్పటికీ బీరువాలో ఉంది. పారేయలేదు.

నేపర్‌విల్ నాగేశు | ఉదయం 8:15 (మాకు శుక్రవారం రాత్రి)

మాది తెనాలి, ఇప్పుడుండేది ఇల్లినాయ్. ఈ సబ్జెక్టు మా ఇంటి గుమ్మం దాకా వచ్చిందే.

2016 వేసవిలో మా రాష్ట్ర ఎన్నికల బోర్డు ఓటర్ల డేటాబేస్‌లోకి దొంగలు దూరారు. పెద్ద మాయలేం కాదు. వెబ్‌సైటులో వివరాలు నింపే గడిలో పేరుకి బదులు డేటాబేస్‌కి అర్థమయ్యే ఆజ్ఞ టైపు చేస్తే అది లోపలున్నది కక్కేసింది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు, కాలేజీ పిల్లలకి మొదటి ఏడాది చెప్పే తప్పు. 2018 జులైలో 12 మంది రష్యన్ సైనిక గూఢచారుల మీద కేసు పెట్టినప్పుడు అభియోగపత్రంలో రాశారు, ఒక రాష్ట్ర బోర్డు నుంచి సుమారు 5 లక్షల మంది ఓటర్ల వివరాలు ఎత్తుకెళ్ళారని.

ఒక్క ఓటూ మారలేదు. కానీ జాబితాలో చదవగలిగినవాడు రేపు చెరపగలిగితే? పోలింగ్ రోజు పొద్దున పదివేల మంది పేర్లు కనపడకపోతే క్యూలు, కొట్లాటలు, టీవీలు. ఫలితం మార్చక్కర్లేదు, ఆ రోజు చెడగొడితే చాలు.

ఆ తర్వాత 2017 జనవరిలో ఇక్కడ ఎన్నికల వ్యవస్థని కీలక మౌలిక వసతుల్లో చేర్చారు, కరెంటు గ్రిడ్డు, డ్యాముల పక్కన. కాగితం లేని మిషన్లు చాలా రాష్ట్రాలు వదిలేశాయి. 2020లో జార్జియా రాష్ట్రం 50 లక్షల దాకా బ్యాలెట్లు చేత్తో లెక్కపెట్టి సరిచూసుకుంది. కాగితం ఉంది కాబట్టి సరిచూడగలిగారు.

కొరిటెపాడు కుర్రాడు | ఉదయం 9:30

అయితే ఫలితాల వెబ్‌సైటు హ్యాక్ అయితే? మా అంకుల్ తర్వాతి ప్రశ్న అదే.

పటమట ప్యాకెట్ | ఉదయం 10:05

అది జరిగింది తమ్ముడూ. ఉక్రెయిన్, 2014 మే 25, అధ్యక్ష ఎన్నిక. కొద్ది రోజుల ముందే వాళ్ళ ఎన్నికల కమిషన్ కంప్యూటర్లని సైబర్‌బెర్కుట్ అనే ముఠా కూలగొట్టింది. బ్యాకప్‌లతో లేపారు. పోలింగ్ రోజు ఫలితాలు ప్రకటించడానికి 40 నిమిషాల ముందు ఇంకోటి దొరికింది. డిమిత్రో యారోష్ అనే అతివాద అభ్యర్థి 37 శాతంతో గెలిచినట్టు వెబ్‌సైటులో చూపించే ప్రోగ్రాము. తీసేశారు. అయినా ఆ రాత్రి రష్యా ప్రభుత్వ టీవీ అదే బొమ్మ, అదే 37 శాతం చూపించింది! నిజంగా ఆయనకొచ్చింది ఒక శాతం కూడా లేదు.

ఉక్రెయిన్‌వి కాగితం బ్యాలెట్లే, లెక్క ఎక్కడికీ పోదు. కానీ ఒక్క గంటసేపు ఆ అంకె సైటులో నిలిచి ఉంటే, మర్నాడు సరిచేసినా సగం దేశం "ఏదో దాచారు" అనేది. మన దగ్గర కూడా వెబ్‌సైటు అంటే బోర్డు లాంటిదే. దుకాణం బోర్డు మీద ధర మారిస్తే గల్లాలో డబ్బు మారదు. ఏజెంట్ల సంతకాలతో టేబుళ్ళ దగ్గర తయారయ్యే కాగితాలే ఫలితం.

ఇంకో కథ, దీంట్లో నాకు ఒళ్ళు మండేది. బ్రిటన్ ఎన్నికల కమిషన్. 2021 ఆగస్టులో దూరారు, కనిపెట్టింది 2022 అక్టోబర్లో, జనానికి చెప్పింది 2023 ఆగస్టులో. సుమారు 4 కోట్ల మంది పేర్లు, అడ్రసులు అందేంత దూరంలో ఏడాదిపైన కూర్చున్నారు. 2024 మార్చిలో చైనా ప్రభుత్వానికి చెందిన ముఠా అని బ్రిటన్ ప్రకటించింది. కారణం? మెయిల్ సర్వర్‌కి ఎప్పుడో వచ్చిన అప్‌డేట్ వేయలేదు. ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన పాస్‌వర్డే చాలామంది అట్టాగే వాడుతున్నారు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో (పేరొద్దు) అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ ఊరి పేరు, పక్కన 123. మార్చమంటే "అందరికీ అలవాటయింది సార్" అన్నారు.

నమ్మని నరసయ్య | ఉదయం 10:50

మీరే ఒప్పుకున్నారుగా, కాగితం కాపాడిందని. మరి తిన్నగా కాగితం బ్యాలెట్‌కి పోతే పోలా? జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో, వాళ్ళు వాడిన యంత్రాలు మామూలు మనిషి స్వయంగా సరిచూసుకోలేనివి కాబట్టి చెల్లవంది. 2017లో హ్యాకర్ల భయంతో నెదర్లాండ్స్ ఓట్లు చేత్తో లెక్కించింది. వాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా?

బ్రాడీపేట మాష్టారు | ఉదయం 11:30

నరసయ్యా, నువ్వు ఏ ఏడు పుట్టావో గానీ, కాగితం రోజులు నేను చూశా. పల్నాడు వైపు డ్యూటీ పడిందంటే మా ఇంట్లో దేవుడికి కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. పదిమంది వచ్చి, నన్ను గోడకి నిలబెట్టి, బ్యాలెట్ పుస్తకం లాక్కుని, అరగంటలో మూడొందలు గుద్ది పెట్టెలో కుక్కిపోయారు. ఇంకోచోట పెట్టెలో సిరా సీసా వంపారు. ఇప్పుడు బటన్ నొక్కితే ఆ ఓటు పూర్తయ్యేదాకా తర్వాతది తీసుకోదు, నిమిషానికి నాలుగు పడితే ఎక్కువ. ఈలోపు పోలీసులొస్తారు. 2024లో మాచర్ల దగ్గర పాల్వాయి గేటు బూత్‌లో యంత్రం నేలకేసి కొడితే ఓట్ల డేటా భద్రంగానే ఉంది. అదే కాగితం పెట్టె అయితే?

పటమట ప్యాకెట్ | మధ్యాహ్నం 12:10

మాష్టారికి నా ఓటు. కాగితం ఉన్నా గట్టెక్కని ఊరు ఇంకోటుంది నరసయ్య గారూ, రుమేనియా. అక్కడ పూర్తిగా కాగితం బ్యాలెట్లే. 2024 నవంబర్ 24న మొదటి రౌండు. సర్వేల్లో ఎక్కడో అడుగున ఉన్న కలిన్ జార్జెస్కు అనే ఆయన మొదటి స్థానంలో తేలాడు. టిక్‌టాక్‌లో వాడకుండా పడున్న ఖాతాల్ని లేపి ఆయనకి ఊపు తెప్పించారనీ, ఎన్నికల కంప్యూటర్ల మీద 85,000కి పైగా దాడులు జరిగాయనీ వాళ్ళ నిఘా సంస్థలు నివేదికలిచ్చాయి. డిసెంబర్ 6న, రెండో రౌండుకి రెండ్రోజుల ముందు, రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికే రద్దు చేసింది. మళ్ళీ 2025 మేలో పెట్టుకున్నారు.

ఒక్క బ్యాలెట్ పేపరూ నకిలీది కాదు. అయినా ఎన్నిక పోయింది.

మనమీదా ప్రయోగాలు జరిగాయి. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఇజ్రాయెల్ కంపెనీ ఒకటి ఏఐతో రాయించిన వ్యాఖ్యలు మన దేశం మీదికి వదులుతుంటే పట్టుకుని ఆపేశామని ఓపెన్‌ఏఐ ప్రకటించింది. పెద్దగా జనంలోకి పోలేదులే. మీ అపార్ట్‌మెంట్ వీడియో ఎవరు చేశారో నాకు తెలీదు తమ్ముడూ, ఇక్కడివాడే కావచ్చు. కానీ బయటివాడికి కావలసింది అదే పని, ఖర్చులేకుండా జరిగిపోయింది. ఈవీఎం జోలికి పోకుండా రెండు ఫ్లోర్ల మధ్య మాటలు ఆపేసింది.

నిర్వాహకుడు | మధ్యాహ్నం 12:45

ఫలానా పార్టీ ఫలానా ఊళ్ళో యంత్రాలు మార్చింది అంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఆధారం ఉంటే కోర్టుకి పోండి, ఇక్కడ కాదు.

బీఎల్‌ఓ అక్క | మధ్యాహ్నం 2:20

రోజూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే క్షమించండి. గుంటూరులో ఒక వార్డుకి బీఎల్‌ఓని, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారిని. ప్యాకెట్ అన్నయ్య చుట్టుపక్కల తలుపులు అన్నారు చూడండి, ఆ తలుపు నేనే అనిపించింది.

2019 ఎన్నికల ముందు ఫారం-7లు లక్షల్లో వచ్చిపడ్డ సంగతి గుర్తుందా? ఓటు తీసేయమని అడిగినాయన ఇంటికిపోతే "నేను పెట్టలేదమ్మా, ఎవరో నా పేరు వాడారు" అనేవాళ్ళు. గడపగడపకీ తిరిగి చూశారు కాబట్టి ఆగాయి. ఆన్‌లైన్లో పడ్డదాన్ని మనిషి వెళ్ళి చూడటమే అసలు కాపలా అని అప్పుడే అర్థమయింది.

అయితే నేను చెప్పదలచింది నా తప్పు. మొన్న జాబితా సవరణ జోరుగా ఉన్నప్పుడు వాట్సాప్‌లో ఒక మెసేజి, "బీఎల్‌ఓ యాప్ కొత్త వెర్షన్, సాయంత్రంలోపు వేసుకోకపోతే మెమో". కింద ఏపీకే ఫైలు, నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది. డీపీలో మా పెద్దసారు ఫోటో. ఎండలో మూడో అంతస్తు ఎక్కి దిగి ఉన్నా, మెమో అనే మాట చూసి గుండె ఝల్లుమంది, నొక్కేశా. ఏమీ తెరుచుకోలేదు. సరేలే అని వదిలేశా. రాత్రికి నా ఫోన్ నుంచి మా గ్రూపులో ఉన్న నలభై మంది బీఎల్‌ఓలకీ అదే మెసేజి పోయింది! సారుని అడిగితే ఆయన పంపనే లేదు. మా ఆడబిడ్డ చెప్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశా, బ్యాంకులో డబ్బులు పోలేదు. అప్పట్నించీ అదే ఫోన్లో ఓటర్ల ఫారాలు చూస్తున్నా. ఏమన్నా అవుద్దా?

పటమట ప్యాకెట్ | మధ్యాహ్నం 2:31

అమ్మా, ఆ ఫోన్లో బీఎల్‌ఓ యాప్ ఇంక తెరవకండి. ఇప్పుడే. అలాంటివి ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి తీసుకుని కూర్చుంటాయి. మీకొచ్చే ఓటీపీ మీకంటే ముందు వాడు చూస్తాడు. అంటే మీ లాగిన్‌తో మీ వార్డు ఫారాల మీద నిర్ణయాలు పెట్టగలడు.

చేయాల్సింది: ఫోటోలు, నంబర్లు మాత్రం వేరేచోట దాచుకుని, ఫోన్ పూర్తిగా రీసెట్ చేయండి. లాగిన్ ఆపేసి కొత్తది ఇమ్మని మీ ఈఆర్‌ఓ (ఓటర్ల నమోదు అధికారి) ఆఫీసుకి కాగితం రాసివ్వండి, ముద్ర కొట్టించుకుని కాపీ దాచుకోండి. మీ పేరుతో ఈ మధ్య ఏమేం ఆమోదం అయ్యాయో చూడమని అడగండి. ఆ నలభై మందికీ ఫోన్ చేసి నోటితో చెప్పండి, మెసేజి పెట్టొద్దు, మీ నంబరు నుంచి వచ్చేదాన్ని ఇప్పుడెవరు నమ్ముతారు? ఇంక యాప్‌లు ప్లే స్టోర్ నుంచే వేసుకోండి, సారు పంపినా సరే.

మీ తప్పేం లేదమ్మా. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ప్రచార అధిపతి జాన్ పొడెస్టా కూడా పాస్‌వర్డ్ మార్చుకోండి అన్న దొంగ మెయిల్‌కే దొరికిపోయాడు.

నమ్మని నరసయ్య | సాయంత్రం 4:05

శాటిలైట్ వీడియో బోగస్ అని నేనూ ఒప్పుకుంటా. అక్క చెప్పింది చదివాక గొడవ ఎక్కడుందో అర్థమయింది. కానీ నా అనుమానం ఒకటి అట్టాగే ఉంది.

ఒక అసెంబ్లీ నియోజకవర్గానికి 5 వీవీప్యాట్ల స్లిప్పులే లెక్కపెట్టి యంత్రం అంకెతో సరిచూస్తారు. మన రాష్ట్రానికి 175 ఇంటూ 5, 875. ఈ అయిదు ఎక్కణ్ణించి వచ్చింది? 2019 ఏప్రిల్ 8న కోర్టు ఒకటి నుంచి అయిదుకి పెంచింది, అంతే. యాభై వేల మెజారిటీ వచ్చినచోటా అయిదే, రెండొందలతో గెలిచినచోటా అయిదే. అమెరికాలో కొలరాడో 2017 నుంచీ పోటీ ఎంత దగ్గరైతే అన్ని ఎక్కువ కాగితాలు తీసి చూస్తోంది. మనకెందుకు ఉండదు?

పటమట ప్యాకెట్ | సాయంత్రం 4:20

ఈ ఒక్కదాంట్లో మీ పక్కనే నిలబడతా. స్వల్ప తేడా ఉన్నచోట ఎక్కువ స్లిప్పులు లెక్కించాలి. ఒక పూట ఆలస్యమయితే కొంప మునగదు.

బ్రాడీపేట మాష్టారు | సాయంత్రం 4:48

లెక్కించేవాళ్ళకి ఆ పూట భోజనం సంగతి కూడా ఆ తీర్పులో రాయించండి.

కొరిటెపాడు కుర్రాడు | ఆదివారం ఉదయం 10:15

మాక్ పోల్, మైదుకూరు, 17సీ అన్నీ కలిపి చిన్నగా రాసి గ్రూపులో పెట్టా. నాలుగో ఫ్లోరు అంకుల్ బొటనవేలు పెట్టాడు. రెండో ఫ్లోరు అంకుల్ మాట్లాడలేదు గానీ, ఈసారి తనే ఏజెంటుగా కూర్చుంటానని వాచ్‌మన్‌తో అన్నాడట. వీడియో మాత్రం ఎవరూ డిలీట్ చేయలేదు.

బీఎల్‌ఓ అక్క | ఆదివారం రాత్రి 8:50

అన్నయ్యా, ఫోన్ రీసెట్ చేయించా. లాగిన్ ఆపమని కాగితం రాసిపెట్టా, రేపు ఆఫీసు తెరవగానే ఇస్తా. నలభై మందిలో ముప్పై ఆరు మందితో మాట్లాడా, వాళ్ళలో పదకొండు మంది ఫైలు నొక్కారు. ముగ్గురు "మా ఫోన్ బాగానే ఉందిలే" అని పెట్టేశారు, రేపు వాళ్ళ ఇళ్ళకే పోతా. మిగతా నలుగురూ ఎత్తలేదు. నా నంబరు చూసి భయపడ్డారేమో. మా వాడు వాడి గేములన్నీ పోయాయని నిన్నట్నించీ నాతో మాట్లాడట్లా.